ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెలుగు చదవడం నేర్పడం ఎలా?

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్ ఏ మండలంలో జరిగినా టీచర్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. "అక్షరాలన్నీ వచ్చు సార్, పదం రాస్తే మాత్రం చదవరు." "గుణింతం గడగడా అప్పజెబుతారు, పుస్తకం తెరిస్తే నోరు మెదపరు." "రెండో తరగతి అయిపోతోంది, ఒత్తుల దగ్గరే ఆగిపోయారు." ఈ మూడింటికీ కారణం ఒక్కటే. పిల్లలు వల్లె వేస్తున్నారు, మనం దాన్ని చదవడం అనుకుంటున్నాం. అంతకుముందు చూడని మాటను ఎవరి సాయమూ లేకుండా చదివితేనే చదవడం వచ్చినట్టు. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఈ పరీక్షే పెట్టండి.

ఇంగ్లీషు మీడియం బడి అయినా ఈ పని తప్పదు. ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం కుదిరిన బిడ్డకు రెండో లిపి తేలికవుతుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- రోజుకు గంటన్నర సమయం. ఒకే విడతలో దొరకకపోతే పొద్దున ఒక గంట, మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట.
- పాత క్యాలెండర్లు, పెళ్ళిపత్రికలు కోసి చేసిన అక్షరాల కార్డులు. ఒక్కో అక్షరానికి కనీసం నాలుగు. కొన్న ఫ్లాష్ కార్డుల కంటే ఇవే మేలు. చిరిగితే మళ్ళీ చేసుకోవచ్చు కాబట్టి పిల్లల చేతికి ధైర్యంగా ఇస్తాం.
- ప్రతి పిల్లకీ ఒక పలక. నోట్‌బుక్‌లో తప్పు రాస్తే అది అక్కడే ఉండిపోతుంది, పలక మీద తుడిచేయొచ్చు. మొదట్లో ఆ ధైర్యం అవసరం.
- చిన్న కథల పుస్తకాలు ఓ ఇరవై. బడి లైబ్రరీ బీరువాకు తాళం వేసి ఉంటే తీయించండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు.
- ఒక రిజిస్టరు. పిల్లల పేర్లు, పక్కన వారానికో గడి. అంతకు మించి ఏ ఫార్మాటూ వద్దు.

1. ముందు ఒక్కొక్కరినీ విడిగా చదివించండి

పాఠం మొదలుపెట్టే ముందే ఇది చేయాలి. ఒక్కో బిడ్డకు మూడు నాలుగు నిమిషాలు చాలు. మిగతా వాళ్ళకు బొమ్మలు గీసే పని ఇచ్చి, వరండాలో ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టుకోండి.

పల్లెల్లో పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే, 2005లో మొదలైన అసర్ సర్వేలో వాడే పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ముందు నాలుగు వాక్యాల పేరా ఇవ్వండి. చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు ఇవ్వండి. అయిదు పదాల్లో నాలుగు సరిగా చదివితే పద స్థాయి. అక్షరాలకూ అదే లెక్క. పేరా చదివితే దానికంటే పెద్ద కథ ఇచ్చి చూడండి.

పేరా పాఠ్యపుస్తకంలోది కాకూడదు, అది ఎప్పుడో నోటికి వచ్చేసి ఉంటుంది. మీరే రాసుకోండి. ఇలాంటిది చాలు:

*సీత వాళ్ళ ఇంట్లో ఒక మేక ఉంది. అది తెల్లగా ఉంటుంది. సీత రోజూ దానికి ఆకులు వేస్తుంది. నిన్న మేక తాడు తెంచుకుని పొలంలోకి పోయింది.*

బిడ్డ వేలు ఎక్కడుందో చూడండి. నోరు ఒక మాట దగ్గర, వేలు ఇంకో మాట మీద ఉంటే అది చదవడం కాదు. పుస్తకంలో బొమ్మ ఉంటే దాని మీద అరచెయ్యి పెట్టి మూసి, అదే వాక్యం మళ్ళీ చదవమనండి. అప్పటిదాకా "కోతి చెట్టు మీద ఉంది" అని ధీమాగా చెప్పిన గొంతు ఆగిపోతే, ఆ పిల్ల బొమ్మ చూసి చెబుతోందని తెలిసిపోతుంది. ఆ తెలివిని తిట్టకండి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మీకు తెలిసింది, అంతే.

ఇది అయ్యాక తరగతిని మూడు గుంపులు చేయండి: అక్షరాలు రానివాళ్ళు, పదాలు తడబడేవాళ్ళు, వాక్యం చదివేవాళ్ళు. రోజూ ఈ గంటన్నరలో సగం గుంపుల వారీగా, సగం అందరితో కలిపి నడపండి. గుంపుకు తెలివైనవాళ్ళు, మందమతులు అనే పేర్లు ఏ రూపంలోనూ రానివ్వకండి. చిలుకలు, పావురాలు అని పిలిచినా ఏది వెనకబడిన గుంపో పిల్లలకు రెండో రోజే తెలుస్తుంది. అందుకే గుంపులు నెలకోసారి మారుతూ ఉండాలి.

2. చెవికి పని చెప్పండి

పుస్తకం ముట్టకుండా రోజూ పది నిమిషాలు. "పలక"లో ఎన్ని చప్పట్లు? మూడు. మొదటి చప్పుడు ఏమిటి? "ప". "పలక"లో "ప" తీసేస్తే ఏం మిగిలింది? "లక". నేను "త", "ల" అంటాను, కలిపితే ఏమవుతుంది? ఇలా పిల్లల పేర్లతోనే ఆడించండి.

దీన్ని కాలక్షేపం అనుకుని వదిలేసే టీచర్లు చాలామంది ఉన్నారు. "అక్షరాలు వచ్చు, పదం రాదు" అన్న ఫిర్యాదుకు మందు ఇక్కడే ఉంది. ప, ల, క విడివిడిగా చెప్పి, చివరికి "కలప" అనో "లక" అనో అనే బిడ్డకు కంటితో ఇబ్బంది లేదు. విన్న ముక్కలను వరసలో గుర్తుపెట్టుకుని కలపడం ఇంకా కుదరలేదు. అలాంటప్పుడు రెండక్షరాల మాటలకు వెనక్కి రండి. మధ్యలో ఆగకుండా "తతత...ల" అని సాగదీసి పలికించండి. కుదిరాకే మూడక్షరాల మాటలు.

3. అక్షరాలను వరసలో కాకుండా మాటలయ్యే గుంపుల్లో నేర్పండి

అ నుంచి బండి ర దాకా వరసగా వెళితే మొదటి మాట చదవడానికి నెలలు పడుతుంది. ఆలోగా పిల్లలకు ఆశ చచ్చిపోతుంది. తలకట్టు అక్షరాలు ఆరు తీసుకోండి: ల, త, క, ప, డ, గ. ఇవి వస్తే చాలు, ఆ వారంలోనే తల, కల, పలక, కలప, తడక, పడక, గడప చదవొచ్చు. రెండో విడతలో వ, న, ట, ర, వాటితో పాటు సున్న. పడవ, కడవ, నడక, పంట, గంట, వంట, వనం, రంపం వస్తాయి. అచ్చులు మూడో విడతలో మాటలతోనే పరిచయం చేయండి: అల, ఆట, ఈగ, ఉడత, ఎర, ఓడ. తర్వాత మ, స, చ, బ, ద, య, జ, శ, హ.

ఒక జాగ్రత్త. ఒకదాన్నొకటి పోలిన అక్షరాలను ఒకే వారంలో నేర్పకండి. ప–వ, మ–య, డ–ద, ద–ధ–థ జంటలు పిల్లలను బాగా తికమక పెడతాయి. మొదటిది గట్టిపడ్డాక రెండోది తెచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా వాళ్ళచేతే చెప్పించండి. "ప" మీద తలకట్టు విడిగా ఉంటుంది, "వ"లో ఒంటికి కలిసిపోతుంది. ఈ మాట వాళ్ళ నోట రావాలి, మీరు చెబితే నిలవదు.

ఙ, ఞ, ఝ, ఠ, ఢ వంటి వాటితో మొదటి తరగతి బిడ్డకు పనే లేదు. అవి వచ్చే మాట తగిలినప్పుడు చెప్పుకోవచ్చు. వర్ణమాల చార్టు గోడ మీద ఉండనివ్వండి, దాన్ని రోజూ కోరస్‌గా చదివించడం మాత్రం ఆపండి. కోరస్‌లో ఎవరికి వచ్చో, ఎవరికి రాదో మీకు ఎప్పటికీ తెలియదు.

4. గుణింతం: ఎక్కువ కాలం పెట్టాల్సింది ఇక్కడే

35కి పైగా ఉన్న హల్లులకు 12 రూపాల చొప్పున లెక్కేసినా 400 దాటుతాయి. ఇన్నింటినీ విడివిడి బొమ్మల్లా గుర్తుపెట్టుకోవడం ఏ బిడ్డకూ సాధ్యం కాదు. గుర్తు ఏ హల్లుకు తగిలినా చప్పుడు ఒకేలా మారుతుందని పట్టుకున్న రోజున చదవడం వచ్చేస్తుంది. ఆ సంగతి పట్టుకునేలా నేర్పడమే మన పని.

అలవాటైన పద్ధతిలో "క కా కి కీ" మొత్తం ఒక అక్షరానికి చెప్పి, తర్వాత "ఖ ఖా ఖి ఖీ" మొదలుపెడతాం. అలా నేర్చుకున్న బిడ్డకు "కు" ఒక్కటే చూపించి అడగండి. పెదవుల కింద "క కా కి కీ" అనుకుంటూ వచ్చి "కు" దగ్గర ఆగుతుంది. పాట వచ్చిందే గాని గుర్తు రాలేదు.

అందుకని అడ్డంగా కాకుండా నిలువుగా నేర్పండి. ఒక గుర్తు తీసుకుని వచ్చిన అక్షరాలన్నింటికీ పెట్టించండి. మొదట దీర్ఘం: కా, తా, పా, లా, మా, వా. వెంటనే మాటలు: పాప, తాత, మామ, వాన, పాట, బావ. ఓ వారం దాంతోనే ఉండండి. తర్వాత గుడి: పని, గిలక, కవి, గది. ఆ తర్వాత కొమ్ము: పులి, గుడి, ముసలి, కుడుము. తర్వాత గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం. ఆపైన ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం: పెరుగు, మేక, చేప, కొడవలి, తోక, కోడి. ఐత్వం, ఔత్వం, వట్రుసుడి చివర్లో.

ప్రతి జతకూ హ్రస్వదీర్ఘాల తేడా చెవికీ కంటికీ కలిపి వినిపించండి. పడు–పాడు, విడు–వీడు, నెల–నేల, మెడ–మేడ, కొన–కోన. ఒక్క గుర్తుతో అర్థమే మారిపోవడం పిల్లలకు సరదాగా ఉంటుంది, అందుకే గుర్తుంటుంది.

గుణింతం మీద మూడు మాటలు ప్రత్యేకంగా:

- "కకు కొమ్మిస్తే కు" అనడం రాయడానికి సాయం చేస్తుంది. చదివేటప్పుడు మాత్రం మానిపించండి. "గకు కొమ్మిస్తే గు, డకు గుడిస్తే డి, గుడి" అని చదివే బిడ్డ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది.
- మొ, మో, యొ, యో మిగతా వాటిలా ఉండవు. వీటిని విడిగా ఒక రోజు చూపించండి. అలాగే "వు"ను "మ" అని చదివే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. "ఆవు"ను "ఆమ" అంటే కంగారుపడకుండా రెండూ పక్కపక్కన రాయండి.
- ఇది నిజంగా వచ్చిందో లేదో చూడడానికి అర్థం లేని మాటలు ఇవ్వండి: బిమ, కేబు, లోబ, తూపి, నిడో. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు, ఊహించి చెప్పడం కుదరదు. అయిదింటిలో నాలుగు చదివితే గుణింతం వచ్చినట్టే. "ఇవి ఉత్తుత్తి మాటలు" అని ముందే చెప్పండి, లేకపోతే అర్థం వెతుక్కుంటూ ఆగిపోతారు.

5. ఒత్తులు

ముందు తన ఒత్తు తనకే వచ్చే మాటలు. ఇవన్నీ బిడ్డ ఇంట్లో ఉన్నవే: అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, తాతయ్య, కుక్క, పిల్లి, చెట్టు, పువ్వు, గుడ్డు, ఎద్దు. మాట ముందే నోట్లో ఉంది కాబట్టి ఒత్తు ఏం చేస్తోందో తేలిగ్గా తెలుస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలవు. వీటికి మాత్రం జత కార్డులు చేసి ఆడించాలి. మిగతావి చాలావరకు అక్షరాన్ని చూసి పోల్చుకోవచ్చు.

ఆ తర్వాతే పుస్తకం, రాత్రి, చక్రం, చంద్రుడు. ఇక్కడ తరచూ వచ్చే తప్పు "చక్రం"ను "చర్కం" అనడం. ర ఒత్తు అక్షరానికి ఎడమ పక్క నుంచి మొదలై కింద చుట్టుకుంటుంది. కన్ను దాన్ని ముందు చూస్తుంది, నోరు దాన్ని ముందు పలుకుతుంది. "పైది ముందు, కిందది తర్వాత" అన్న సూత్రం ఒక్కటి పట్టించండి, వేలితో పైనుంచి కిందికి గీయిస్తూ చదివించండి.

6. రోజూ చదవాలి, రోజూ రాయాలి

మొదట మీరు చదవండి. రోజూ పది నిమిషాలు ఒక మంచి కథ, గొంతు మార్చి, ఆగాల్సిన చోట ఆగి. చదవడం అంటే ఇలా ఉంటుందని పిల్లలకు తెలిసేది అప్పుడే. ఇంట్లో పుస్తకమే లేని బిడ్డకు మీ గొంతే మొదటి పుస్తకం.

తర్వాత జతలు. కాస్త వచ్చినవాళ్ళు, తడబడేవాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకే పేజీని వంతులవారీగా చదవాలి. ఒకే పేజీ మూడు రోజులు చదివినా ఫర్వాలేదు, మూడో రోజుకు తడబాటు పోతుంది. కానీ నాలుగో రోజు కొత్త పేజీ ఇచ్చి చూడండి.

చివర పదిహేను నిమిషాలు రాత. చూసిరాత చేయి తిరగడానికి మాత్రమే. చదువు గట్టిపడేది డిక్టేషన్‌తో. ఆ రోజు నేర్చిన గుర్తుతో అయిదు మాటలు చెప్పండి, పలక మీద రాయించండి, వెంటనే సరిచూసుకోనివ్వండి. వారానికోసారి సొంతంగా ఒక వాక్యం. "నిన్న మా ఇంట్లో..." అని మొదలిచ్చి వదిలేయండి. తప్పులతో రాసినా సరే, ఆ వాక్యాన్ని వాళ్ళచేతే చదివించండి.

చదివిన ప్రతిదానికీ రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి పేరాలో ఉన్నది: "మేక ఏ రంగులో ఉంది?" రెండోది లేనిది: "మేక పొలంలోకి ఎందుకు పోయి ఉంటుంది?" మొదటిదానికి మాత్రమే జవాబు వస్తే అక్షరాలు కూడబలుక్కోవడంలోనే ఓపికంతా అయిపోతోందని అర్థం. ఇంకా తేలికైన పేరాలు ఇవ్వండి.

7. వారానికోసారి సరిచూడండి

రోజుకు అయిదుగురి చొప్పున వింటే వారంలో తరగతి అంతా అయిపోతుంది. ఒక్కొక్కరికీ ఒకే ఒక్క నిమిషం. రిజిస్టరులో అక్షరం, పదం, వాక్యం, కథ అని ఒక మాట, తప్పిన చోటు ఒకటి రాయండి. "ఏత్వం", "ల ఒత్తు" అన్నంత స్పష్టంగా రాయాలి. "వెనకబడ్డాడు" అని రాస్తే రేపు ఏం చేయాలో మీకే తెలియదు.

వేగం సంగతి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి చివరికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. తెలుగులో లో, కి, ని లాంటి ప్రత్యయాలు మాటకే అంటుకుని ఉంటాయి కాబట్టి ఒక్కో మాట పొడవెక్కువ. అందువల్ల ఆ అంకెను దారి చూపే గుర్తుగా వాడుకోండి, గడియారం పెట్టి బిడ్డను పరిగెత్తించకండి. నిమిషానికి 30 మాటలే చదివినా, మధ్యలో ఆగి "ఇది నిజమేనా టీచర్?" అని అడిగే బిడ్డ సరైన దారిలోనే ఉంది.

తప్పు కానివాటిని తప్పు అనకండి

"వచ్చాడు" అని ఉంటే తెలంగాణ పిల్ల "వచ్చిండు" అని చదవొచ్చు. ఆ పిల్లకు వాక్యం అర్థమైంది, అర్థమయ్యాకే తన మాటలో చెప్పింది. అప్పటికప్పుడు ఆపకండి. వాక్యం పూర్తయ్యాక "పుస్తకంలో ఏమని రాశారో వేలు పెట్టి చూడు" అంటే చాలు. శ్రీకాకుళం, అనంతపురం పిల్లల యాసకూ ఇదే వర్తిస్తుంది. "ధనం"ను "దనం" అన్నందుకు వాక్యం మధ్యలో ఆపడం కూడా అనవసరం. అక్షరానికోసారి సరిదిద్దించుకున్న బిడ్డ తర్వాత నోరే తెరవదు.

ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లల సంగతి వేరు. సవర, కోయ, గోండి, కువి, లంబాడీ ఇళ్ళ నుంచి వచ్చిన బిడ్డకు "గడప", "రంపం" అన్నవి అర్థం లేని చప్పుళ్ళే కావచ్చు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్య కార్యక్రమం కింద ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వచ్చాయి. వాటిని రాసింది తెలుగు లిపిలోనే. మీ ప్రాంతంలో దొరికితే తప్పక వాడండి. దొరక్కపోతే ఆ పిల్లల భాషలోని మాటలనే తెలుగు అక్షరాల్లో రాసి మొదలుపెట్టండి. అమ్మలను, పెద్ద తరగతి పిల్లలను అడిగితే ఓ యాభై మాటలు ఒక్క సాయంత్రంలో దొరుకుతాయి. లిపి అదే కాబట్టి తర్వాత తెలుగు మాటలకు మారడం కష్టం కాదు.

ఒకే టీచర్, అయిదు తరగతులు ఉంటే

గుంపులను తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి చేయండి. చదువు గంటలో మూడో తరగతి బిడ్డ పద స్థాయిలో ఉంటే రెండో తరగతి వాళ్ళతోనే కూర్చోవాలి. ఒక గుంపుకు మీరు నేర్పుతుంటే ఇంకో గుంపు కార్డులతో మాటలు కడుతుంది, మరో గుంపు జతలుగా చదువుతుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూలు వాళ్ళు తమ గ్రామీణ బడుల్లో ఈ తీరునే కార్డులు, మెట్ల పటంతో నడిపారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉందో, తర్వాత ఏ కార్డు తీయాలో ఆ బిడ్డకే తెలుస్తుంది. అంత పెద్ద ఏర్పాటు కుదరకపోయినా, మూడు అట్టపెట్టెల మీద మూడు స్థాయిల గుర్తులు పెట్టి కార్డులు సర్దితే చాలావరకు నడుస్తుంది.

నాలుగు, అయిదు తరగతులకు వచ్చినా చదవలేకపోతే

మెట్లు ఇవే, వేగం మాత్రం ఎక్కువ. వీళ్ళకు మాటలు, లోకజ్ఞానం ఉన్నాయి. గుణింతంలో ఎక్కడో ఒకటి రెండు గుర్తులు తెగి ఉంటాయి. అర్థం లేని మాటల పరీక్ష పెడితే అవి బయటపడతాయి. వాటి మీదే రోజుకో గంట పని చేయండి.

ఒకటో తరగతి వాచకం మాత్రం వీళ్ళ చేతికి ఇవ్వకండి. తమ్ముడి పుస్తకం పట్టుకుని అందరి ముందు కూర్చోవడం పదేళ్ళ పిల్లాడికి తలకొట్టేసినట్టు ఉంటుంది. బస్సు మీది ఊళ్ళ పేర్లు, కిరాణా సరుకుల చీటీ, రేషన్ షాపు బోర్డు, క్రికెట్ స్కోరు వార్త, సినిమా పోస్టరు తెచ్చి చదివించండి. వాళ్ళ ఊరి నుంచి మండల కేంద్రం దాకా దారిలో కనిపించే ఊళ్ళ పేర్లు వరసగా రాసుకుని రమ్మనండి. మర్నాడు ఆ కాగితాన్ని ఇంకొకరి చేతికిచ్చి చదివించండి, ఎక్కడ తడబడ్డారో రిజిస్టరులో రాసుకోండి.